అది బొమ్మల చదువు కాదు



పోయిన వారం విద్యా సహాయ కమిటీలో జరిగింది మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మన హోసూరు అమ్మాయి ఒకరు ఇంటరాక్షన్ డిజైన్‌లో ఎం.డెస్. సీటు తెచ్చుకుని సాయం అడిగింది. "జాబితాలో ఇంజనీరింగ్, మెడిసిన్, సి.ఎ. మాత్రమే ఉన్నాయి. బొమ్మలు గీసే చదువుకు డబ్బు ఇవ్వలేం" అని దరఖాస్తు తిరిగి ఇచ్చేశారు. ఆ గదిలో మేమూ ఉన్నాం. నోరు మెదపకపోవడం మా తప్పు. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

అసలు ఆ చదువేమిటి? మనిషి యంత్రాన్ని ఎలా వాడుతున్నాడు, ఎక్కడ తడబడుతున్నాడు, ఆ తడబాటు పోవాలంటే యంత్రం ఎలా మారాలి అని చదివే శాస్త్రం. హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అంటారు. విద్యార్థులు ముందు మనుషుల దగ్గరికి వెళ్లి, వాళ్లు పనిచేసే చోటే కూర్చుని గమనిస్తారు. కాగితం మీద నమూనా గీసి వాళ్ల చేతికే ఇస్తారు. ఎన్ని తప్పులు జరిగాయి, ఎంత సమయం పట్టింది అని కొలుస్తారు. మనస్తత్వ శాస్త్రం, గణాంకాలు, కొంత ప్రోగ్రామింగ్ కూడా కావాలి. గీయడం అందులో ఒక పనిముట్టు మాత్రమే. ఇల్లు కట్టే ముందు ప్లాను గీసే ఆయన్ని బొమ్మలు గీసేవాడు అంటామా?

ఐఐటి బొంబాయిలో డిజైన్ కేంద్రం 1969లోనే మొదలైంది. గువాహటి, హైదరాబాదు ఐఐటిల్లోనూ ఎం.డెస్. ఉంది. సీడ్ అనే ప్రవేశ పరీక్షను మూడేళ్ల డిగ్రీ చదివిన ఎవరైనా రాయొచ్చు, వయసు అడ్డు కాదు. బి.ఏ., బి.కాం. చదివిన మన పిల్లలూ రాయగల పరీక్ష అది.

ఫోనులో తెలుగు టైపు చేసే స్వరచక్ర కీబోర్డు ఆ బొంబాయి కేంద్రం నుంచే వచ్చింది. 'క' మీద వేలు పెడితే దాని గుణింతం చుట్టూ చక్రంలా విచ్చుకుంటుంది. పలక మీద మనం దిద్దుకున్న గుణింతమే! అది బొమ్మల పనేనా?

నిజానికి ఈ చదువు అందరికంటే మనకే ఎక్కువ అవసరం. 2006 నాటి చట్టంతో ఈ రాష్ట్రంలో బడిలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు నోట ఉంది, కంటికి లేదు. ఫోనేమో "భాష ఎంచుకోండి" అంటుంది. తెలుగు నొక్కితే చదవలేరు, తమిళం నొక్కితే ఇంటి మాట పోతుంది. తెలుగులో మాట్లాడి తమిళంలో చదివే మనిషి ఒకడున్నాడని, దాన్ని తయారు చేసినవాళ్లకు ఎవరు చెప్పాలి? ఇక అవ్వల సంగతి. ఏటీఎం తెర మీది భాషల్లో వాళ్లు చదవగలిగింది ఒక్కటీ ఉండదు. వెనక నిలబడ్డ ముక్కూముఖం తెలియనివాడికి కార్డిచ్చి, పిన్ నంబరు చెప్పి డబ్బు తీయించుకుంటారు. అది అవ్వ తెలివితక్కువతనం కాదు, అవ్వను చూడకుండా చేసిన యంత్రం తప్పు.

"ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతున్నారు. సాఫ్ట్‌వేరు కంపెనీలు, బ్యాంకులు ఈ పనికి మనుషుల్ని తీసుకుంటున్నాయి. అందరికీ ఖాయమని మేం చెప్పం. ఇంజనీరింగుకు డబ్బిచ్చేటప్పుడు మాత్రం ఎవరు హామీ ఇచ్చారు? "ఇక అన్నీ ఏఐ గీసేస్తుంది" అని ఇంకొకరు. గీయనీండి. అవ్వ పక్కన కూర్చుని ఆమె వేలు ఎక్కడ ఆగిందో చూసేదెవరు? ఒకప్పుడు కంప్యూటరు కోర్సంటే "టైపు మిషనా?" అని నవ్వింది మన ఇళ్లలోనే. ఆ నవ్వినవాళ్ల పిల్లలే ఇప్పుడు బెంగళూరు కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు.

మేం అడుగుతున్నవి రెండే. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ జాబితా తీసేసి, గుర్తింపు ఉన్న సంస్థలో ఏ పీజీ చదువుకైనా సాయం అని తీర్మానించాలి. ఆ అమ్మాయి ఫీజు గడువు దాటకముందే దరఖాస్తు మళ్లీ చూడాలి. ఆమెకు షరతులేవీ వద్దు. రేపు నోటు పుస్తకం పట్టుకుని మన వీధిలోకి వస్తే ఇంట్లోకి పిలిచి అవ్వ పక్కన కూర్చోబెడదాం, అది చాలు.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి. తిట్టినా సరే, మొత్తం చదివి తిట్టండి.