కట్టు బిగిస్తే కాలికే ముప్పు

తాటిచెట్టు మీంచి జారినా, ట్రాక్టరు తిరగబడినా పల్లెల్లో ముందుగా గుర్తొచ్చేది వెదురుబద్దల కట్టే. ముంజేతి ఎముక బీట వారితే ఆ కట్టుతో అతుక్కున్న మాటా నిజమే. అయితే మోకాలి కింది ఎముక రెండు ముక్కలైతే పిక్కలో వాపు గంటగంటకూ పెరుగుతుంది. పైన కట్టు బిగుసుకుంటే ఆ వాపుకు చోటెక్కడ? రక్తం ఆడదు. ఆరు గంటలకే కండ చచ్చిపోవచ్చు. వేళ్ళు తిమ్మిరెక్కి, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తున్నా ‘కట్టు పనిచేస్తోంది, ఓర్చుకో’ అనే పెద్దలున్నారు. వెంటనే కట్టు విప్పవలసిన గుర్తులే అవి!

ఇప్పుడు ఆ ఎముకకు కాలంతా కోయనక్కర్లేదు. మోకాలి దగ్గర చిన్న గాటు పెట్టి, ఎక్స్‌రే తెరపై చూస్తూ ఎముక మూలుగలోకి కడ్డీ దించుతారు. విరిగినచోట తెరవరు గనుక చీము పట్టే భయం తక్కువ. జర్మనీలో కుంచర్ అనే సర్జను 1940 నాటికే తొడ ఎముకకు ఈ తరహా కడ్డీ వాడాడు.

తీరా పిక్క బిగిసిపోయి వచ్చినవారికి కాలు దక్కించేందుకు పిక్క పొడవునా కోయవలసి వస్తోంది. కోతకు జడిసి కట్టుకు పోయినవారికే పెద్ద కోత!

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు కట్టు కట్టేవారినే పిలిచి ఈ సంగతి చెప్పాలి. బద్దను వదులుగా ఆనించి, వేళ్ళు కనబడేలా ఉంచి, ఆసుపత్రికి పంపితే చాలు.