'నాకు నచ్చలేదు' అంటే చాలు

వరంగల్ జిల్లా నర్సంపేట చుట్టుపక్కల చేలల్లో పండే చపాటా మిర్చి పొట్టిగా, బొద్దుగా, ముడతలు పడి ఉంటుంది. ఎర్రగా పండిన ఆ కాయను టమాటా మిర్చి అనీ అంటారు. రంగు చిక్కన, కారం తక్కువ. నాలుక చుర్రుమంటేనే అన్నం సహించేవారికి అది ఆనదు, వారికి తేజ రకం కావాలి. ఆవకాయ ఎర్రగా నిగనిగలాడాలి, కడుపు మాత్రం మండొద్దు అనుకునేవారు చపాటానే ఏరి కొంటారు. 2010లో గుంటూరు సన్నం మిర్చికి దక్కిన భౌగోళిక గుర్తింపు 2025లో వరంగల్ చపాటాకూ దక్కింది. రెండింటికీ గౌరవం ఉంది, రెండింటికీ కొనేవారున్నారు.

మిర్చి విషయంలో ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనం మిగతా చోట్ల ఎందుకో పట్టుబడతాం. సినిమా హాలు మెట్లు దిగకముందే 'చెత్త' అనేస్తాం. కోడలు ఇష్టంగా వండిన కూరను ఒక్క ముద్దకే 'బాగాలేదు' అంటాం. పిల్లాడు బొమ్మలు వేస్తానంటే 'ఎందుకూ పనికిరాదు' అని తేల్చేస్తాం. మనకు నచ్చకపోవడం మన సంగతి. దాన్ని ఎదుటివారి లోపంగా తీర్పు చెప్పడంతోనే మనసులు నొచ్చుకుంటాయి.

తమకు రుచించనిదాన్ని ఇంగ్లీషువారు 'నాట్ మై కప్ ఆఫ్ టీ' అంటారు. అందులో టీకి నింద లేదు, తాగేవారిపై చిన్నచూపు లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలూ అన్నారు. కానీ ఆ సామెతను మనం ఎక్కువగా ఎదుటివారి ఇష్టాలపై విసుగుతోనే వాడుతున్నాం. మన ఇష్టమూ అనేకానేక రుచుల్లో ఒకటేనని ఒప్పుకోవడానికి వాడితే దానికి నిండుదనం వస్తుంది.

అలాగని అన్నిటినీ అభిరుచి ఖాతాలో వేయలేం. కారంపొడిలో రంగు కలిపితే అది కల్తీయే. ఆడపిల్ల చదువు మాన్పిస్తే అది అన్యాయమే. అక్కడ 'ఎవరిష్టం వారిది' అని తప్పుకోవడం పిరికితనం.

హాని లేని ఇష్టాల దగ్గర మాత్రం మాట మెత్తబడాలి. 'నాకు అంతగా నచ్చలేదు, నీకేం నచ్చిందో చెప్పు' అని అడిగి చూడండి. పిల్లలు తమ మనసులోని మాట దాచుకోకుండా చెప్పే ఇల్లు అలాగే తయారవుతుంది.