అమ్మకం ఆగినా హక్కు పోదు



1990లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేము క్యాసెట్లు మీలో అనేకులకు జ్ఞాపకముండవచ్చు. ఇప్పుడవి దుకాణాల్లో కనబడవు. ఆ పాత ఆటలనే పిల్లలు ఇంటర్నెట్ నుండి ఫోనులోకి ఉచితంగా దించుకుంటున్నారు. మందలిస్తే, "ఎవరూ అమ్మని దాన్ని తీసుకుంటే ఎవరికి నష్టం?" అని అడుగుతారు. అడగదగిన ప్రశ్నే గనుక జవాబు చెప్పవలసిన బాధ్యత మనది.

కోనసీమలో ఒక కొబ్బరితోట ఉందనుకోండి. యజమాని హైదరాబాదులో ఉండి దింపు తీయించడం మానేశాడు. కాయలు రాలి ఎండిపోతున్నాయి. అంతమాత్రాన తోట మనదవుతుందా?

మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా ఎంచుతుంది. వీడియో గేములో ఉన్నది ప్రోగ్రామే. రచనపై హక్కు రచయిత బ్రతికినంత కాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటకు కూడా హక్కు గడువు ఇంకా తీరలేదు. సొంత ఉపయోగానికి ఇతర రచనల విషయంలో చట్టమిచ్చే మినహాయింపు ప్రోగ్రాములకు లేదు. సక్రమంగా కొన్నవారు మాత్రం పాడవకుండా ఒక నకలు దాచుకోవచ్చు.

దొంగ నకలని తెలిసీ కంప్యూటరులో వాడితే 7 రోజుల నుండి 3 సంవత్సరాల జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50,000 రూపాయల వరకు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకుంది.

అయితే ఏది స్వేచ్ఛగా తీసుకోవచ్చు? రెండు దారులున్నాయి. మొదటిది, గడువు తీరడం. పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించారు గనుక ఆయన కీర్తనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కాని వాటిని ఈనాడు పాడి రికార్డు చేసినవారి హక్కు వేరు. రెండవది, హక్కుదారు మాట. అమెరికాలోని బెథెస్డా సంస్థ 1994 నాటి తన 'అరీనా' ఆటను 2004లో తానే ఉచితంగా ఇచ్చింది. అట్టివి నిశ్చింతగా ఆడుకోవచ్చు.

గనుక పిల్లవాడి చేతిలోని ఫోను లాక్కోవద్దు. "ఇది ఎవరిది? వారు ఇచ్చారా?" అని అడిగి, ఇద్దరూ కలిసి వెదకండి. ఆ రెండు ప్రశ్నలు అలవాటైన బిడ్డ రేపు పొరుగువాని గట్టు దగ్గర కూడా న్యాయంగా నిలబడతాడు.