లెక్క చెప్పని సంఘానికి చందా పుట్టదు

ఊరి మేలు కోసం సంఘం పెట్టడం మన పల్లెలకు కొత్త కాదు. గ్రంథాలయ సంఘం, యువజన సంఘం, బడి పూర్వ విద్యార్థుల సంఘం, మంచినీటి కమిటీ... ఏ ఊళ్లో చూసినా ఒకటో రెండో ఉంటాయి. రిజిస్ట్రేషను నాటి ఉత్సాహం మాత్రం రెండేళ్లు తిరిగేసరికి కనిపించదు. గోడ మీద బోర్డు, గదికి తాళం మిగులుతాయి. ఎందుకిలా అయిందంటే ‘డబ్బు లేదండీ’ అన్నదే జవాబు. ఇందులో నిజం సగమే. డబ్బు లేక మూతపడిన సంఘాలు కొన్నయితే, కార్యవర్గం పట్టించుకోక డబ్బు రాకుండా చేసుకున్నవి చాలా.

ఊళ్లో డబ్బు లేదా అంటే, ఉంది. వినాయక చవితి పందిరికి అడగడమే తరువాయి, చందా వస్తుంది. లడ్డూ వేలంలో పోటీపడి పాడుకుంటారు. భక్తి ఒక కారణమైతే, ఇచ్చిన రూపాయి ఏమైందో కళ్లెదుట కనిపించడం రెండో కారణం. పందిరి కనిపిస్తుంది, అన్నదానం జరుగుతుంది. అదే గ్రంథాలయానికి అడిగితే ‘పోయినసారి ఇచ్చింది ఏం చేశారు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి కాగితం మీద జవాబు ఉండాలి.

మంచి ఉదాహరణ కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. మన బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో ఊరివారి చొరవతోనే వెలిసింది. 1929లో గాంధీజీ అక్కడ భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం, అరుదైన పుస్తకాల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వస్తారు. నేత మగ్గాలకు, జీడిపప్పుకు పేరుపడిన ఒక ఊళ్లో గ్రంథాలయం నూరేళ్లు దాటి నిలిచిందంటే అది ఒక్కరి దానం వల్ల అయ్యే పని కాదు. ఒక తరం బాధ్యతను తరువాతి తరం అందుకుంటేనే సాధ్యం.

ఒక్కరి మీదే ఆధారపడితే ఏమవుతుందో 2009లో రాష్ట్రమంతా చూసింది. 108 అంబులెన్సు సేవను 2005 ఆగస్టులో ప్రారంభించింది లాభాపేక్ష లేని సంస్థే. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. ఆ కంపెనీ అధిపతే 108 సంస్థకూ వ్యవస్థాపకుడు కావడంతో అంబులెన్సులు ఆగిపోతాయేమోనని జనం కలవరపడ్డారు. కాని ఆగలేదు. నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగాన్ని ప్రభుత్వం భరిస్తోంది. సంస్థ బాధ్యతను అదే ఏడాది జీవీకే అందుకుంది. మనిషి తప్పుకున్నా పని సాగే ఏర్పాటు ఉండటమే ఆ సేవను కాపాడింది. మన ఊరి సంఘాల్లో ఎన్నింటికి అలాంటి ఏర్పాటు ఉంది?

చాలాచోట్ల అధ్యక్షుడు ఊరి పెద్ద, కార్యదర్శి ఆయన బావమరిది, కోశాధికారి సంతకానికి మాత్రమే. మిగతా సభ్యులకు తాము సభ్యులమన్న సంగతే గుర్తుండదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు ఉండాలి. సర్వసభ్య సమావేశం జరిపి, ఏటా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. వ్యవహారాల్లో వివాదం వస్తే సభ్యుడెవరైనా మధ్యవర్తిత్వానికి గాని, జిల్లా కోర్టుకు గాని వెళ్లవచ్చు. ఏడుగురు కావాలన్నది ఏడు సంతకాల కోసం కాదు, ఏడు జతల కళ్లు లెక్కల మీద ఉండటం కోసం.

లెక్క అడిగితే నొచ్చుకునే కార్యదర్శులూ ఉన్నారు. ‘సొంత డబ్బు పెట్టి, తిండి మాని తిరిగాను. నన్నే అడుగుతారా?’ అంటారు. వారి కష్టం కాదనలేనిది. అయితే లెక్క రాసిపెట్టడం వల్ల ముందుగా కాపాడబడేది ఆ నిజాయతీపరుడే. పుస్తకం లేనినాడు దొంగకూ దొరకూ ఒకటే నింద పడుతుంది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉండాలి, ఇద్దరి సంతకాలతోనే డబ్బు తీయాలి. ఫోనులో పంపే చందా కూడా ఆ ఖాతాకే చేరాలి తప్ప అధ్యక్షుడి సొంత నంబరుకు కాదు. ప్రతి చందాకు రసీదు ఇవ్వాలి. మూడు నెలలకొకసారి జమా ఖర్చులు రచ్చబండ దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో అంటించాలి. కార్యవర్గంలో మహిళలకు, చదువుకున్న కుర్రకారుకు చోటివ్వాలి. పొదుపు సంఘాల పుస్తకాలు రాసిన అనుభవం మన ఆడవారికి ఎంతో ఉంది. వరుసగా రెండుసార్లు పదవి చేసినవారు పక్కకు తప్పుకుని కొత్తవారికి పని నేర్పాలి.

చందాకు బయలుదేరేముందు కార్యవర్గ సభ్యులు తమ వంతు తామే ముందుగా వేయాలి. వేయి రూపాయలైనా, వంద రూపాయలైనా సరే. తాను ఇవ్వనివాడు అడిగితే ఎదుటివాడి చేయి జేబులోకి వెళ్లదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఊరి పిల్లలు సాయం చేయాలనే చూస్తున్నారు. పన్ను రాయితీ కోరేవారికి సంఘం ఆదాయపు పన్ను శాఖ అనుమతి పొంది ఉండాలి. ఆ రాయితీ కూడా రెండు వేలకు మించిన నగదుకు వర్తించదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి నుంచి విరాళం పుచ్చుకోవాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. కాగితాలు సరిగా లేక చేతికందిన సాయాన్ని పోగొట్టుకోవడం కంటే విచారకరం ఏముంది?

తాళం పడిన గదిలో చెదలు తింటున్నది పుస్తకాలను మాత్రమే కాదు, ఊరివారు ఒకరిపై ఒకరు పెట్టుకున్న నమ్మకాన్ని కూడా. ఈ ఏటి సర్వసభ్య సమావేశానికి సభ్యులు తప్పక వెళ్లాలి. జమా ఖర్చుల పుస్తకం చూపమని మర్యాదగా అడగాలి. కార్యవర్గం కూడా మర్యాదగానే చూపాలి. తాళం తీయడానికి అదే మొదటి అడుగు.