ఏ రోజు మన్నా ఆ రోజే

డిసెంబరు 31 రాత్రి మన చర్చిల్లో చాలాచోట్ల ఒక అలవాటుంది. పన్నెండు దాటగానే ప్రార్థన, హ్యాపీ న్యూ ఇయర్‌లు, కేకు, ఆ తర్వాత వాగ్దానం కార్డు. ట్రేలోంచి ఒకటి తీసుకుంటాం. ఆ ఏడాదికి అదే మన వాక్యం. రెండు నిమిషాల్లో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కేస్తుంది. ఇందులో తప్పేం లేదు. కానీ ఫిబ్రవరిలో ఆఫర్ లెటర్ వస్తుంది. ఏప్రిల్‌లో పెళ్లి సంబంధం వస్తుంది. జూన్‌లో ఫ్రెండ్ అప్పు అడుగుతాడు. వీటి గురించి కార్డు మీద ఏమీ రాసి ఉండదు.

అప్పుడేం చేస్తాం? ఇంకో కార్డు కోసం వెతుకుతాం! కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెడతాం. "ప్రభువా, సాయంత్రం లోపు హెచ్చార్ ఫోన్ చేస్తే అది నీ చిత్తమే" అని కండిషన్ పెడతాం. ఎవరైనా అడిగితే గిద్యోను గొర్రెబొచ్చు పరిచాడుగా అంటాం. న్యాయాధిపతులు 6వ అధ్యాయం ఇంకోసారి చదవండి. ఏం చెయ్యాలో దేవుడు గిద్యోనుకి అప్పటికే స్పష్టంగా చెప్పేశాడు. తెలియక కాదు, ధైర్యం చాలక బొచ్చు పరిచాడు. దేవుడు ఓపిక పట్టాడు. అంతమాత్రాన అది మనకి రోజూ వాడే పద్ధతి అయిపోదు.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో ఇంతకంటే తేలికైన దారి ఉంది. జ్ఞానం చాలకపోతే దేవుణ్ణి అడగమంటాడు యాకోబు. అడిగినందుకు ఆయన తిట్టడట, ధారాళంగా ఇస్తాడట. ఇస్తానన్నది ఏంటో గమనించారా? జ్ఞానం. ఎంసెట్ భాషలో చెప్పాలంటే కీ పేపర్ ఇవ్వట్లేదు, లెక్క చెయ్యడం నేర్పిస్తున్నాడు.

ఒక్క రాత్రి జ్ఞానం సరిపోదు

జ్ఞానం అనగానే గుర్తొచ్చే పేరు సొలొమోను. గిబియోనులో కలలో దేవుడు కనబడి ఏం కావాలో కోరుకోమంటే, డబ్బు, దీర్ఘాయువు అడక్కుండా ప్రజలకి న్యాయం తీర్చే వివేకం అడిగాడు. ఇది మొదటి రాజుల గ్రంథం 3వ అధ్యాయం. సండే స్కూల్ కథ ఇక్కడితో ఆగిపోతుంది. అదే పుస్తకం 11వ అధ్యాయం దాకా వెళ్తే 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు, ముసలితనంలో వేరే దేవతల వైపు తిరిగిన మనసు కనిపిస్తాయి. ఆయన 40 ఏళ్లు ఏలాడు. ఒక్క రాత్రి దొరికిన జ్ఞానం మీద అన్నేళ్లు బతకడం ఆయన వల్లే కాలేదు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఇలాంటిది తరచూ చూస్తాం. నిన్నటిదాకా నడిచిన వెబ్‌సైట్ పొద్దున్నే తెరుచుకోదు. కోడ్‌లో తప్పేమీ ఉండదు. సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు దాటిపోయి ఉంటుంది, ఎవరూ రెన్యూ చేసి ఉండరు.

అందుకే నాకు నిర్గమకాండము 16వ అధ్యాయం చాలా ఇష్టం. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దొరికిన మన్నా మనిషికి ఓమెరు చొప్పున ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచినవాళ్లది పురుగుపట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు, అది పాడవలేదు. అంటే దాచుకోవడం తప్పని కాదు. దాచమన్నప్పుడు దాచాలి, వద్దన్నప్పుడు నమ్మాలి. ఏది ఎప్పుడో తెలియాలంటే రోజూ ఆయన మాట వినాలి. యేసు నేర్పిన ప్రార్థనలో అడగమన్నది కూడా అనుదినాహారమే, నెల సరుకులు కాదు.

అలాగని ప్లానింగ్ మానెయ్యాలా? నెహెమ్యాని చూడండి. యెరూషలేము గోడలు పడిపోయి ఉన్నాయన్న వార్త విన్నాక, రాజు ముందు నోరు విప్పడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ప్రార్థన చేశాడు. రాజు "ఏం కావాలి" అనగానే మనసులో ఇంకో చిన్న ప్రార్థన చేసుకుని చకచకా చెప్పాడు. ఎన్నాళ్లకి తిరిగొస్తాడో చెప్పాడు. దారిలో అధికారులకి ఉత్తరాలు అడిగాడు. గుమ్మాలకి కలప అడిగాడు. ప్రార్థన చేసిన మనిషి దగ్గర లిస్టు కూడా రెడీగా ఉంది!

పూటపడటం అంటే తెలుసా?

ఇప్పుడు మన కాలం సంగతి. మా టీంలో ఒకబ్బాయి ఉన్నాడు. వాళ్ల బాబాయి కొడుకు 10 లక్షల చీటీ కడుతున్నాడు. నెలకి 20 వేలు, 50 నెలలు. పన్నెండో నెలలో పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే జీతం ఉన్నవాళ్ల ష్యూరిటీ కావాలి. "అన్నయ్యా, నువ్వు సంతకం పెడితే చాలు, వాయిదాలు నేనే కట్టుకుంటా" అన్నాడు.

పెట్టకపోతే చుట్టాల్లో "ఉద్యోగం వచ్చాక కళ్లు నెత్తికెక్కాయి" అంటారు. పైగా క్రైస్తవుడివి, సొంతవాడికి సాయం చెయ్యవా అంటారు. మావాడు వారం రోజులు నలిగిపోయాడు. ప్రార్థన చేశాడు. ఏ సూచనా రాలేదు.

వచ్చింది వేరే. సామెతలు 6, 22 అధ్యాయాలు గుర్తొచ్చాయి. ఒకరి అప్పుకి హామీ ఉండటాన్ని మన తెలుగు బైబిల్ 'పూటపడటం' అంటుంది. ఇరుక్కున్నవాడు నిద్ర కూడా మానుకుని, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు బయటపడాలని అక్కడ ఉంటుంది. కట్టలేకపోతే పడుకునే పరుపు కూడా పోతుందనే హెచ్చరికా ఉంటుంది. మన చట్టం కూడా ఈ విషయంలో మెత్తగా ఉండదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, బాకీ పడ్డవాడికి ఎంత బాధ్యతో ష్యూరిటీకీ అంతే బాధ్యత.

తర్వాత వాళ్ల సంఘంలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని అడిగాడు. ఆయన కాగితం మీద లెక్క వేయించారు. ఇంకా 38 వాయిదాలు. డివిడెండ్ తీసెయ్యకుండా చూస్తే 7 లక్షల 60 వేలు. "అవతలివాడు ఒక్కటి కూడా కట్టకపోతే ఇది నువ్వు కట్టగలవా? కట్టినా వాడితో మాట్లాడగలవా?" రెండింటికీ కాదనే జవాబు వచ్చింది.

సంతకం పెట్టలేదు. అదే సామెతలు 3వ అధ్యాయంలో, చేతిలో ఉంచుకుని రేపు రమ్మని పొరుగువాణ్ణి తిప్పొద్దని కూడా ఉంది. అందుకే తన దగ్గరున్న 50 వేలు ఇచ్చాడు, తిరిగివ్వక్కర్లేదని చెప్పి మరీ ఇచ్చాడు. అయినా వాళ్ల పిన్ని నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ తమ్ముడు క్రిస్మస్‌కి ఇంటికి రాలేదు.

చీటీ ఏమైందంటారా? తమ్ముడికి వేరే ష్యూరిటీ దొరికింది. ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నాడు. "చూశావా, అనవసరంగా దూరం చేసుకున్నావ్" అన్నవాళ్లున్నారు. నాకలా అనిపించలేదు. ఫలితం చూశాక చెప్పడానికి జ్ఞానం అక్కర్లేదు. ఇవాళ చేతిలో ఉన్నది ఇచ్చాడు, రేపటి జీతం తనది కాదు కాబట్టి దాన్ని రాసివ్వలేదు. తమ్ముడు మంచివాడని తేలినా ఆ నిర్ణయం తప్పైపోదు. మన ఫీల్డ్‌లో రేపు పొద్దున లాగిన్ పనిచేస్తుందో లేదో ఎవరికి తెలుసు?

ఈ నెల ఇలా చేసి చూడండి

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. తేదీ ఎంతైతే ఆ అధ్యాయం చదవండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు. అందులో ఆ రోజుకి పనికొచ్చే ఒక్క విషయం పట్టుకోండి. కోపంగా టైప్ చేసిన మెసేజ్ పంపకుండా ఆపడం కావచ్చు, టైమ్‌షీట్‌లో లేని గంటలు రాయకపోవడం కావచ్చు. రాత్రి పడుకునేలోపు అది చెయ్యండి.

పెద్ద నిర్ణయం వస్తే మూడు పనులు: అడగండి, అంటే ప్రార్థన. లెక్క వెయ్యండి, అంటే కాగితం మీద. ఇంకొకరికి చెప్పండి. ఆ ఇంకొకరు మీ మాటకి ఊఁ కొట్టే ఫ్రెండ్ కాకుండా కాదనే దమ్మున్న మనిషై ఉండాలి. చిన్నవాటిలో రోజూ అడగడం అలవాటైనవాడికి పెద్దది వచ్చినప్పుడు కంగారు తగ్గుతుంది.

ఇవాళ తేదీ ఎంత? ఆ అధ్యాయం తెరవండి.