పంట లేని సేద్యం

ఈ మధ్య మా హాస్టల్లో ‘ఫార్మింగ్’ అనే మాట తెగ వినబడుతోంది. వరిగడ్డి వాసన తెలియని మిత్రులు సైతం ‘రాత్రంతా ఫార్మింగ్ నడిచింది’, ‘ఈ నెల ఫార్మింగ్ బాగుంది’ అంటున్నారు. రైతు బిడ్డను గనుక మొదట సంతోషించాను. తీరా సంగతి కనుక్కుంటే, దున్నేది ఆన్‌లైన్ ఆటనట. నాటేది పైతాన్‌లో రాసిన యాభై లైన్ల స్క్రిప్టు. కోసుకునేది ఆటలోని బంగారమో, పేరు కూడా నోరు తిరగని ఏదో క్రిప్టో నాణెమో!

తెలియని మిత్రుల కోసం ఒక్క మాట. మనిషి వేలితో పదే పదే చేసే పనిని, అంటే అదే గుండీ నొక్కడం, అదే రాక్షసుణ్ణి చంపడం, అదే పేజీలో ‘క్లెయిమ్’ కొట్టడం వంటివాటిని, కంప్యూటరుకు అప్పజెప్పే చిన్న ప్రోగ్రామే స్క్రిప్టు. మనిషికి బదులు అది ఆడితే దాన్ని బాట్ అంటారు. వీటిలో చాలావాటిని రాసింది పెద్ద కంపెనీలేమీ కావు. మనలాంటి కుర్రాళ్ళే సరదాకు రాసి, నలుగురికీ ఉచితంగా పంచిపెడుతుంటారు.

పెద్దలు దీన్నంతా ‘పనీపాటా లేని యవ్వారం’ అని కొట్టిపారేస్తారు. నేను ఆ మాట అనను. మన సిలబస్సులో ప్రోగ్రామింగ్ అంటే ఏమిటి? ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామును రికార్డు పుస్తకంలో నీలం సిరాతో ఎక్కించి, అవుట్‌పుట్ చుట్టూ పెన్సిలుతో డబ్బా గీసి, సంతకం చేయించుకోవడం. ఆ ప్రోగ్రాము నడిచినా నడవకపోయినా మార్కులకు ఢోకా లేదు. బాట్ రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు గదా! తెరమీద రంగు మారితే గుర్తుపట్టాలి. సర్వరు ఆలస్యంగా జవాబిస్తే ఓపిక పట్టాలి. తప్పు ఎక్కడ జరిగిందో రాత్రి రెండింటికి కూర్చుని వెతుక్కోవాలి. మార్కులు వేసేవాడు లేకుండా నేర్చుకునే చదువు అది. దానిని ఎగతాళి చేసేవాళ్ళు తమ రికార్డు పుస్తకం ఒకసారి తెరిచి చూసుకోవాలి.

మరి నా పేచీ ఎక్కడంటే, ‘ఫార్మింగ్’ అన్న మాట దగ్గరే. సేద్యంలో ఒక గింజ వేస్తే వంద గింజలొస్తాయి. లోకంలో లేని తిండి కొత్తగా పుడుతుంది. బాట్ వల్ల కొత్తగా పుట్టేది ఏముంది? అప్పటికే కుప్ప పోసివున్న దానిలోంచి పక్కవాడికన్నా తొందరగా దోసిలి నింపుకోవడమే అది చేసే పని. దోసిళ్ళు పెరిగినకొద్దీ కుప్ప పెరగదు, తరుగుతుంది. లేదా కుప్ప పెరిగి, గింజ విలువే పడిపోతుంది.

మా పల్లెల్లో ఈ పాఠం కంప్యూటర్ల కంటే ముందే వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో బోరు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టారు. అర్ధరాత్రి కరెంటు రాగానే మోటరు దానంతటదే అందుకునేది. చీకట్లో బాయికాడికి పోయి పాము కరిచో, తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని షాకు కొట్టో రైతులు ప్రాణాలు పోగొట్టుకుంటున్న కాలం. ఆ డబ్బా పెట్టుకున్నవాడు కోరింది కాసింత నిద్ర, అంతే. ఒక్కడు పెట్టుకున్నప్పుడు అది తెలివి. ఊరంతా పెట్టుకున్నాక? కరెంటు వచ్చిన మరుక్షణం మోటర్లన్నీ ఒక్కపెట్టున గుంజేవి. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. మడికి అక్కర ఉన్నా లేకున్నా నీళ్ళు పారేవి, బోర్లు అడుగంటేవి. అంచేతనే తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలవలసి వచ్చింది. డబ్బా చెడ్డది కాదు. భూమి అడుగున నీరు అందరిదీ అన్న సంగతి దానికి తెలియదు, అంతే.

ఆటల్లో జరిగిందీ ఇదే. అమెరికాలో మైకేల్ డానెలీ అనే అతను 2005 మార్చిలో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆట కోసం గ్లైడర్ అనే బాట్ రాసుకున్నాడు. రాసుకున్నది తన సొంత వాడకానికే. ఆ వేసవికల్లా 15 నుంచి 25 డాలర్లకు అమ్మకం మొదలైంది. 2008 నాటికి 1,20,000 లైసెన్సులు అమ్ముడుపోయి 35 లక్షల డాలర్లు వచ్చాయి. ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ బాట్‌లను పట్టుకునే ప్రోగ్రాము పెడితే, దాని కంట పడకుండా గ్లైడర్ మార్చుకుంటూ పోయింది. 2004 చివరినుంచి 2008 మార్చి దాకా బాట్‌ల మీద ఆటగాళ్ళు చేసిన ఫిర్యాదులు 4,65,000 అని కోర్టు రికార్డులోనే వుంది. ఫిర్యాదు చేసింది ఎవరు? చేతితో ఆడేవాళ్ళు. అంటే ఊళ్ళో డబ్బా పెట్టుకోనివాళ్ళు!

ఇంకో మాట. ఆటలో బంగారం తవ్వేవాళ్ళంతా సరదారాయుళ్ళు కారు. వెనిజులాలో ధరలు ఆకాశాన్నంటి, జీతం రొట్టెకు చాలని రోజుల్లో, 2017 నాటికి అక్కడి యువకులు ఎందరో ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ అనే ఆటలో పచ్చ డ్రాగన్లను చంపి, వచ్చిన బంగారం డాలర్లకు అమ్మి ఇల్లు గడుపుకున్నారు. ఆ పని ఆట నియమాలకు విరుద్ధమే, కాదనను. గాని అదే బంగారాన్ని నిద్రపోకుండా తవ్వే బాట్‌లు వందలు దిగితే బంగారం ధర పడుతుంది. అప్పుడు ముందుగా పోయేది ఎవరి కూడు? బాట్ రాసినవాడిది మాత్రం కాదు.

క్రిప్టో సంగతికి వద్దాం. 2010లో గావిన్ ఆండ్రెసన్ అనే ప్రోగ్రామరు, బిట్‌కాయిన్‌ను నలుగురికీ రుచి చూపించాలని, వచ్చిన ప్రతివాడికీ 5 బిట్‌కాయిన్లు ఊరికే ఇచ్చే వెబ్‌సైటు పెట్టాడు. అప్పట్లో వాటి విలువ పైసలే. అయినా ‘నువ్వు మనిషివేనా?’ అని పరీక్ష పెట్టక తప్పలేదు. ధర్మసత్రం తెరిస్తే ఒక్కడే పది విస్తళ్ళు పట్టుకొస్తాడన్న భయం ఆ నాడే వుందన్నమాట. ఇప్పుడు కొత్త నాణేలు విడుదల చేసేవాళ్ళు తొలి వినియోగదారులకు ఉచితంగా పంచుతారు. దాన్ని ఎయిర్‌డ్రాప్ అంటారు. మనవాళ్ళు స్క్రిప్టు రాసి ఒక్కడి పేర వందల ఖాతాలు నడుపుతారు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు దొరలు పాలేళ్ళ పేర, పుట్టని పిల్లల పేర భూములు రాయించారని మన పెద్దలు చెప్పుకుంటారు గదా, అదే బినామీ విద్య! 2024 మేలో లేయర్‌జీరో అనే సంస్థ, ‘మీ బినామీ ఖాతాలు మీరే ఒప్పుకుంటే మీకు రావలసిన దానిలో 15 శాతం ఇస్తాం’ అని ప్రకటించేదాకా పోయింది.

కౌలుదారీ కూడా వచ్చేసింది. వియత్నాం సంస్థ ఒకటి తయారుచేసిన ‘ఆక్సీ ఇన్ఫినిటీ’ అనే ఆటలో దిగాలంటే మూడు బొమ్మ జంతువులు కొనాలి. 2021లో వాటికే వందల డాలర్లయ్యేవి. లాక్‌డౌన్‌లో పనులు పోయిన ఫిలిప్పీన్స్ పేదలకు అంత డబ్బెక్కడిది? అంచేత జంతువులున్నవాడు వాటిని ఇంకొకడికిచ్చి ఆడించేవాడు, వచ్చినదానిలో వాటా తీసుకునేవాడు. యజమానికి ‘మేనేజర్’ అనీ, ఆడేవాడికి ‘స్కాలర్’ అనీ పేర్లు. స్కాలర్‌షిప్పు అంటే మనకు తెలిసింది వేరు! ఇక్కడే అభిరుచి స్క్రిప్టులు దిగాయి. వందమంది స్కాలర్లున్న మేనేజరు ఒక్కొక్కడికీ లాగిన్ క్యూఆర్ కోడ్ ఎక్కడ పంపుతాడు? డిస్కార్డ్‌లో అడిగినవాడికి కోడ్ అందించే బాట్ వచ్చింది. వాటాలు లెక్కగట్టి పంచే స్క్రిప్టు వచ్చింది. అన్ని ఖాతాల ప్రైవేటు కీలూ ఒక్క ఫైల్లో పెట్టి దాన్ని నడిపేవారు. గుమాస్తా లేకుండానే జమీందారీ నడిచింది.

ఆ పంట ఏమైంది? ఆటలో గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే నాణెం పుట్టేది, కొత్త జంతువులను పుట్టించడానికి అది ఖర్చయ్యేది. కొత్త జంతువులు కావాలంటే కొత్త మనుషులు చేరాలి. చేరేవాళ్ళు తగ్గగానే నాణేలు గుట్టలుగా పేరుకున్నాయి. 2021 మధ్యలో 30 సెంట్లు దాటిన నాణెం 2022 మధ్యకు ఒక్క సెంటు కూడా చెయ్యలేదు. ఈలోగా 2022 మార్చిలో, ఆ ఆట సొమ్ము దాచిన రోనిన్ అనే వ్యవస్థలో 9 తాళంచెవులకు 5 దొంగల చేతికి చిక్కి, 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. దొర, కౌలుదారు ఇద్దరూ చేతులు దులుపుకున్నారు.

అసలు సేద్యానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. ఈ సేద్యానికి 2022 ఏప్రిల్ నుంచి లాభంలో 30 శాతం పన్ను. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో తీసివేసుకునే వీలు కూడా లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. గాని చట్టం దుకాణం మూయగలదు, ఆశను మూయలేదు.

అన్నిటికన్నా దగ్గరి ప్రమాదం ఇంకొకటుంది. ఊరికే దొరికిన స్క్రిప్టు లోపల ఏముందో మనలో ఎందరు చదువుతున్నాం? ఎవరో పంపిన ‘లాభాల బాట్’లో తన ప్రైవేటు కీ పెట్టిన మా హాస్టల్ మిత్రుడి ఖాతా తెల్లారేసరికి ఖాళీ. అవి పరీక్ష ఫీజు డబ్బులు. వాళ్ళ బాపు మక్కలమ్మి పంపినవి. మంచివాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లోనూ పాము దూరవచ్చు. ‘ఈవెంట్-స్ట్రీమ్’ అనే చిన్న ప్రోగ్రామును సరదాకు రాసినతను, చూసుకునే ఓపిక లేక, సాయం చేస్తానన్న అపరిచితుడికి అప్పగించాడు. ఆ కొత్త మనిషి దానిలో కలిపిన దొంగ ముక్క ‘కోపే’ అనే బిట్‌కాయిన్ సంచీలోని డబ్బు కోసం కాచుకుని కూర్చుందని 2018 నవంబరులో బయటపడింది. విత్తనాల సంచీ మీద సీలు చూడకుండా కొనడు మా ఊరి రైతు. చదువుకున్న మనం మాత్రం చదవకుండానే నాటుతున్నాం!

అయితే స్క్రిప్టులు మానేద్దామా? అక్కర్లేదు. నాటేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలని నా అభిప్రాయం. ఒకటి: అవతల చేతితో ఆడేవాడు ఎవడైనా వున్నాడా? వుంటే అది వాడి మడిలోని నీరు. రెండు: అందరూ ఇదే నడిపితే ఏం మిగులుతుంది? మూడు: తాళంచెవి ఎవరి చేతిలో వుంది, లోపలి ప్రతి లైనూ నాకు అర్థమైందా?

ఈ మూడింటికీ నిలిచే పనులు లేకపోలేదు. ‘ది ఫార్మర్ వాజ్ రిప్లేస్డ్’ అని 2023లో ఒక ఆట వచ్చింది. రైతును తీసేశారని దాని పేరు! పైతాన్ లాంటి భాషలో స్క్రిప్టు రాసి డ్రోన్ చేత పొలం చేయించాలి. అక్కడ స్క్రిప్టు రాయడమే ఆట గనుక ఎవరి నోటి దగ్గరి కూడూ పోదు. ‘ఫ్రెక్‌ట్రేడ్’ అనే ఉచిత క్రిప్టో బాట్‌లో అసలు డబ్బు పెట్టకుండా ఉత్తుత్తి వ్యాపారం చేసి చూసుకునే ఏర్పాటుంది. పోతే ఏడ్చే డబ్బు పెట్టవద్దని దాన్ని రాసినవాళ్ళే హెచ్చరిస్తున్నారు. మార్కెట్ యార్డుల ధరలు ప్రభుత్వ డేటా వెబ్‌సైటులో ప్రోగ్రాములు చదువుకునే పద్ధతిలోనే దొరుకుతున్నాయి. మక్కల ధర పొద్దున్నే ఇంటికి పంపే స్క్రిప్టు ఎంతసేపటి పని?

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. వార్షికోత్సవానికి, షామియానాకు పెట్టిన శ్రద్ధలో పదోవంతు పెట్టి, వారానికి రెండు సాయంకాలాలు కంప్యూటరు ల్యాబు తెరిపించండి. బాట్‌లు రాసే మిత్రులు దొంగల్లా దుప్పటి కింద రాయడం మాని, అక్కడ బోర్డు మీద రాసి చూపించాలి. మిగిలినవాళ్ళం ప్రతి లైనూ అడిగి తెలుసుకోవాలి. ఎందుకంటే మిత్రులారా, ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనబడిన నిజమైన పంట ఒక్కటే: రాయడం నేర్చిన ఆ బుర్ర. నాణెం ధర పడ్డా, ఖాతా మూతబడ్డా, అది మిగులుతుంది. దాన్ని ఎవడి మడిలో పారిస్తామన్నదే మన తరం తేల్చుకోవలసిన సంగతి.