ముందు నేల చూడండి, తర్వాత ఇల్లు కట్టండి

రామచంద్రపురం పట్టణ ప్రజలకు విజ్ఞప్తి



మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లు, బట్టల కొట్లలో పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆడవాళ్లు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. ఏళ్ల తరబడి అద్దె గదుల్లోనో, కాలువ గట్ల మీద పాకల్లోనో కాపురాలు నెట్టుకొస్తున్నారు. వీళ్లకు ఇల్లు ఇవ్వాలనడంలో ఏ పార్టీకీ భేదం లేదు. పథకమూ ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం తన స్థలంలో ఇల్లు కట్టుకుంటే కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష ఇస్తాయి.

తేలనిది ఒక్కటే: ఆ ఇల్లు ఎక్కడ? దాన్ని నలుగురూ కూర్చుని తేల్చాలని, అందులో ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లకు మాట ఉండాలని అడగడానికే ఈ కరపత్రం.

పల్లంలో పట్టా ఇస్తే ఏమవుతుంది?

2020 డిసెంబరు 25న మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలోని కొమరగిరిలోనే రాష్ట్రవ్యాప్త ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పట్టణాల్లో కుటుంబానికి ఒక సెంటు, అంటే సుమారు 48 చదరపు గజాలు ఇచ్చారు. కొలిస్తే 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. గది, వంటిల్లు, మెట్లు, మరుగుదొడ్డి, బోరు అన్నీ అందులోనే. మన డెల్టాలో కాలువలకు నీళ్లు వదిలాక చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే చాలు, నీళ్లూరతాయి. అలాంటి నేలలో మరుగుదొడ్డి గుంట వానాకాలంలో నిండి పైకి తన్నుతుంది. పక్కింటి బోరు దానికి పదడుగుల దూరంలో కూడా ఉండదు. ఆ నీళ్లే బిందెలోకి వస్తాయి.

ఇక మెరక సంగతి. వరిచేను కొని, మెరక చెయ్యకుండా ప్లాట్లు కొలిచి రాళ్లు పాతితే, మట్టి ఖర్చు లబ్ధిదారు నెత్తిన పడుతుంది. ఎండకు బీటలు తీసి వానకు ఉబ్బే నల్లనేలలో పునాది లోతుగా వెయ్యాలి. మట్టి తోలించి పునాది లేపేసరికి వచ్చిన డబ్బు అయిపోతుంది. మిగతాది వడ్డీకి తేవాలి, లేదా మొండిగోడలు వదిలేసి పాత అద్దెగదికే పోవాలి. రాజమహేంద్రవరం పక్కన బూరుగుపూడి ఆవ భూముల్ని ఇళ్ల స్థలాలకు ఎంచుకుంటే ఏమైందో చూశాం. అవి వానలకు మునిగే భూములని రైతులు మొత్తుకున్నారు, వ్యవహారం హైకోర్టుకెక్కింది. ముందే అడిగి ఉంటే ఆ ఊరి పశువుల కాపరి కూడా చెప్పేవాడు.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లు నేర్పిన పాఠమూ చిన్నది కాదు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లుగా, కొద్ది స్థలంలో ఎక్కువ కుటుంబాలు ఉండేలా కట్టడం మంచి ఆలోచన. కానీ రోడ్డు, నీళ్లు, డ్రైన్లు వెనకబడటంతో ఎన్నో ఊళ్లలో ఇళ్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. తాళం చేతికి రాకముందే బ్యాంకు వాయిదాల నోటీసులు అందుకున్న కుటుంబాలున్నాయి.

ఊళ్లో స్థలమేదీ అంటారా?

స్థలం ఖరీదన్నది నిజమే. అయితే ఊరికి దూరంగా ఇచ్చిన చౌక స్థలం పేదవాడికి చౌక కాదు. రోజూ ఆటోకి పోను రాను పెట్టే డబ్బు కూలిలోంచే పోతుంది. చీకటి పడ్డాక ఆడపిల్ల ట్యూషన్ నుంచి రావాలంటే భయం. అందరికీ పట్టాయే అక్కర్లేదు కూడా. హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీల చోట రోడ్లు, డ్రైన్లు వేసి, సామాన్యులకు ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. ఇప్పటి కేంద్ర పథకంలోనూ అద్దె ఇళ్ల విభాగం ఉంది. పొరుగూళ్ల నుంచి పని కోసం వచ్చేవాళ్లకు అది సరిపోతుంది.

మన కోర్కెలు

1. పురపాలక సంఘం పట్టణ గృహ కమిటీ వెయ్యాలి. సభ్యుల్లో సగం మంది అద్దెకుండేవాళ్లు, గట్ల మీద ఉండేవాళ్లు కావాలి. వాళ్లలో ఆడవాళ్లు తప్పక ఉండాలి.

2. వార్డు సచివాలయాల ద్వారా ఇల్లు లేనివాళ్ల లెక్క తీసి, జాబితా గోడకు అంటించి, అభ్యంతరాలు వినాలి.

3. పట్టణంలోని ప్రభుత్వ ఖాళీ స్థలాల వివరాలు సర్వే నంబర్లతో బయటపెట్టాలి.

4. ఏ స్థలమైనా ఒక వానాకాలం చూశాకే ఖాయం చెయ్యాలి.

5. మెరక, రోడ్డు, డ్రైను, మంచినీళ్లు, కరెంటు ప్రభుత్వ ఖర్చుతో పూర్తయ్యాకే పట్టా ఇవ్వాలి. పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామన్న మాటను రాష్ట్ర ప్రభుత్వం నిలబెట్టుకోవాలి.

6. బదులు చోటు చూపకుండా గట్ల మీది పాకలు పీకకూడదు.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, మురికివాడల బాగును, బలహీన వర్గాల రక్షణను పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులుగా 12వ షెడ్యూల్లో రాసిపెట్టింది.

ఈ కాగితం చదివి పక్కన పడెయ్యకండి. మీ వీధిలో పదిమంది సంతకాలు చేసి వార్డు సచివాలయంలో ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. సొంతిల్లు ఉన్నవాళ్లూ సంతకం పెట్టండి, ఎందుకంటే పల్లంలో కట్టిన కాలనీ మురుగు ఊరందరి కాలువలోకే వస్తుంది. స్థలం ఖాయమయ్యాక ఎంత అరిచినా ప్రయోజనం లేదు. అడగాల్సింది ఇప్పుడే.

ఇట్లు,
రామచంద్రపురంలో సొంతిల్లు లేని కుటుంబాలు, వారి క్షేమం కోరే పట్టణవాసులు